బీట మీద టికెట్టు

గవరయ్య మొదటిరోజు సున్నం తేలేదు, తాపీ తేలేదు.
జేబులోంచి సిటీ బస్సు టికెట్టు తీసి
నాలుగు మెతుకులు మెదిపి
బీటకి అడ్డంగా అంటించాడు.
"సిరిగితే గోడ ఇంకా నడుస్తున్నట్టమ్మా.
సిరక్కపోతే ఆగిపోనట్టు."
గాజువాక నుంచి జ్ఞానాపురం, అని ఉంది దానిమీద.

బొగ్గింజన్ల కాలంలో కట్టిన రైల్వే క్వార్టరు ఇది.
రెండిళ్లకి ఒకటే పొగగొట్టం,
వీపూ వీపూ ఆనించుకుని రెండు పొయ్యిలు.
అందరూ ఆ గూట్లో గ్యాసుబండ పెట్టుకున్నారు.
నేను మాత్రం వానాకాలం
సరుగుడు పుల్లలు రాజేస్తాను.
రాత్రి డ్యూటీ దిగి వచ్చి
పాయింట్లకి గ్రీజు రాసిన చేతుల్ని ఆ సెగకి చాపి
పది వేళ్లూ ఉన్నాయా అని చూసుకుంటాను.

బీట పొయ్యి నుదుట మొదలై
ఏటవాలుగా పాకి
స్విచ్చుబోర్డు దగ్గర కాసేపు ఆలోచించి
కప్పు దాకా పోయింది.
నాకంటే ముందున్నవాళ్లు పూడ్చారు, మూడుసార్లు.
ఒకరు సిమెంటు. ఒకరు పుట్టీ.
ఒకరు, గవరయ్య గోటితో గీకి వాసన చూపించాడు,
పళ్లపేస్టు.

వేలి కణుపుతో గోడంతా కొట్టుకుంటూ పోయాడు
పుచ్చకాయలు బేరమాడుతున్నట్టు.
గట్టి. గట్టి. గట్టి. డొల్ల.
"సెగ తగిల్తే ఇటిక ఒళ్లిరుసుకుంటాది,
సల్లారితే ముడుసుకుంటాది.
సిమెంటుకా అలవాటు నేదు. మొండి ముండ.
ఇరుగుద్ది గానీ వొంగదు."

పదకొండో రోజుకి టికెట్టు చిరిగింది.
గాజువాక ఒక పక్క, జ్ఞానాపురం ఒక పక్క.

గవరయ్యకి నేను చెప్పని సంగతి ఒకటుంది.
ఆ బీటలోంచి అవతలి వంటిల్లు నాకు వస్తుంది.
మావైపు వెయ్యని ఏవో అయిదు గింజల తాలింపు,
ఆవపిండి ఘాటు,
ఒరియాలో ఒక కూనిరాగం.
ఉన్నట్టుండి గరిటె ఆగడం,
ఆగిన చోట ముక్కు చీదిన చప్పుడు.
రెండేళ్లు. ఆమె పేరు తెలీదు నాకు.
ఉల్లిపాయలు తరిగేది ఏ వేళో తెలుసు,
తరగకుండానే కళ్లు తుడుచుకునేది ఏ వేళో కూడా.

పొగ పెట్టి చూద్దాం అన్నాడు.
పైన గొట్టం మూతికి తడి గోనె కట్టి
కింద పచ్చిగడ్డి అంటించాడు.
బీటలోంచి కారింది పొగ, బోర్డు వెనకనుంచి కాస్త,
మిగిలింది ఎటు పోయిందో లేదు.
"ఏటిది, ఇంత పొగా ఏ ఊరెల్లిపోనాదీ?"
అతను తల గీరుకుంటుండగా
తలుపు దబదబ.
కొంగు మూతికి అడ్డం,
కళ్లనిండా నీళ్లు, ఈసారి పొగవే.
"దీదీ, మీ ఇల్లు మా ఇంట్లోకి వచ్చేస్తంది!"
దగ్గుతూ, దగ్గుకీ దగ్గుకీ మధ్య నవ్వుతూ
గుమ్మంలో ఇద్దరం.
కుముదిని అట.

మధ్యగోడలో ఒక ఇటుక లేదు. ఎప్పుడు జారిందో.
భుజం దాకా చెయ్యి పోనిచ్చి గవరయ్య
చారెడు బూడిద, ఎండిన పిచికగూడు,
ఒక చెంచా తీశాడు.
చెంచా మీదంటే మీదనుకున్నాం చాలాసేపు.

పాత సిమెంటంతా ఉలితో రాల్చాడు.
కోడివల కొట్టి, సున్నం, జల్లించిన ఇసక,
రాత్రంతా నానిన కరక్కాయ నీళ్లు, ఇంత బెల్లం.
మూడు పూతలు. పూతకీ పూతకీ మధ్య బీడీ కాల్చి
"తొందరెందుకూ" అన్నాడు, నేనేమీ అనకపోయినా.
గోడా గొట్టం కలిసేచోట మాత్రం
కావాలని సన్నగీత ఒకటి వదిలాడు.
"ఎవురి కదలికాళ్లది. ఆ పాటి సోటివ్వాల."

గోడ ఇప్పుడు నున్నగా ఉంది.
చెవి ఆనిస్తే చల్లగా తగులుతుంది, అంతే.
తాలింపు వీధివైపునుంచి చుట్టూ తిరిగి
మూతపెట్టిన గిన్నెలో వస్తోంది,
పైన ఆ చెంచాతో.
గరిటె ఆగడం మాత్రం వినపడదు.

నిన్న గిన్నె ఇవ్వడానికి వెళ్లి
బాగున్నావా అన్నాను.
బాగున్నా దీదీ, అంది.
గట్టిగా అందో, డొల్లగా అందో
ముడిచిన వేలు ముడిచినట్టే
కొంగులో ఉండిపోయింది.