ఇరవై సెకన్లు

మధ్యాహ్నం దాకా నయీంనగర్ ఫంక్షన్ హాల్లో
"గదువ కొంచెం పైకి, ఆఁ, ఇటు సూడాలె" అన్న నోరు
ఇప్పుడు మూసుకుని ఉంది.
చొక్కా జేబులో ఇంకా నాలుగు తలంబ్రాల గింజలు.
కరీంనగర్ దాటి, లక్సెట్టిపేటలో చాయ్ తాగి,
జన్నారం చేరేసరికి పొద్దు గూకింది.

ఎండాకాలపు లెక్కల రాత్రి.
ఏ జంతువు ఎన్ని గంటలకు నీళ్లకొచ్చిందో
గళ్ల కాగితం మీద రాయాలి.
రాసేవాణ్ని నేను, చూసేవాడు కొట్నాక లింబారావు,
పదకొండేళ్లుగా రోజుకూలి మీదున్న వాచరు.
ఎండిన వాగు నడుమ నాలుగు చాపలంత మడుగు,
ఒడ్డున మద్దిచెట్టు, దానికి మనిషెత్తు మంచె,
మంచె మీద మేమిద్దరం, ఒక నీళ్ల క్యాను,
వాయిదాల మీద కొన్న నా కెమెరా.
ఇంకా ఐదు కట్టాలి.

లెక్కలు పున్నమికి పెట్టాల్సిందట.
ఆఫీసులో ఎవరిదో సంతకం ఆలస్యమై
అమావాస్యకు పడ్డాయి.
జంతువులకు ఏమోగానీ
చుక్కలకు మేలే జరిగింది.

ఏడుంబావు: అడవిపంది, వెంట పిల్లలు ఆరు.
ఎనిమిది: దుప్పులు.
లింబారావు తొమ్మిదన్నాడు, నాకు నాలుగే కనబడ్డాయి.
తొమ్మిదే రాశాను.
ఆ తర్వాత కాగితం కూడా కనబడలేదు.

ఉత్తరాన ముసలమ్మ మంచం ఒక పక్కకు ఒరిగింది.
"ముగ్గురు దొంగలు కాసుకోని ఉన్నరు సార్,
కోళ్లు ఇరగ్గొట్టుకపోతందుకు.
గందుకే ముసల్ది నిద్రపోదు."
దక్షిణాన తేలు కొండి ఎత్తింది.
దాని వెనకే పాలపుంత,
కళ్లం మీద ఎవరో తూర్పారబట్టినట్టు.
"మా తాత పసుల బాట అనేటోడు" అన్నాడు,
"సూడున్రి, ఎంత దుమ్ము లేసిందో."

స్టాండు బిగించి,
కింద మడుగు, పైన ఆకాశం,
రెండూ పట్టేటట్టు లెన్సు వంచాను.
గాలి లేదు. నీళ్లలో ఇంకో తేలు.
"కదలొద్దు, ఇరవై సెకన్లు. మంచె ఊగితే అంతా పోతది."
బటన్ నొక్కాను.

మూడో సెకనుకు కొండముచ్చు ఒకటి గట్టిగా దగ్గింది.
ఆరో సెకనుకు లింబారావు వేళ్లు నా మణికట్టు మీద.
ఏడు నుంచి నేను లెక్క తప్పాను.
నాలుక నీళ్లను అందుకునే చప్పుడు,
పాలగిన్నె దగ్గర పిల్లి చేసే చప్పుడే,
కాకపోతే ఆ పిల్లి బరువు
నా వీపు మీద తెలుస్తోంది.
సంచిలో ఫ్లాషు ఉంది.
ఉందని చేతికి గుర్తుంది.
చెయ్యి లేవలేదు.

షట్టరు మూసుకుంది.
ఆ చిన్న టక్కుకే తాగడం ఆగింది.
ఎక్కడో ఒక గులకరాయి దొర్లింది. అంతే.

తువ్వాల కప్పుకుని తెర చూశాం.
పైన ప్రతి చుక్కా తన చోట తానుంది.
చిరుత లేదు.
మచ్చ లేదు, తోక లేదు, కంటి మెరుపు లేదు.
నీళ్లలో ఎడమవైపు తేలు తేలులాగే ఉంది,
కుడివైపు మాత్రం చుక్కలన్నీ సాగి, మెలికపడి,
ఒకదాన్నొకటి పట్టుకుని వణికాయి.
"పాడైంది" అన్నాను.
లింబారావు ఆ వణుకు మీద వేలు పెట్టాడు.
"గిదే సార్. తాగిన కాడ."

కాగితంలో కళ్లతో చూసినవాటికి గడి ఉంది,
పాదముద్రలకు ఉంది, రెట్టకు ఉంది.
చెవితో విన్నదానికి లేదు.
అంచున రాశాను:
పది నలభై. చిరుత ఒకటి. నీళ్లు కదిలాయి.

తెల్లారి బురదలో అడుగు దొరికింది.
పక్కన అగ్గిపెట్టె పెట్టి తీశాను.
అప్పుడడిగాడు, గొంతు తగ్గించి,
"సార్, నాదొక పాసుపోర్టు ఫోటో.
పర్మినెంటు కాయితాలకు అడుగుతున్రు."
మద్ది మొదలుకు నా తెల్ల తువ్వాల కట్టి
ముందు కూర్చోబెట్టాను.
"గదువ కొంచెం పైకి."
నోరు దానంతటదే అనేసింది.

సెకనులో రెండువందలో వంతు చాలు అతనికి.
ఎప్పుడో పడిపోయింది ఫోటో.
తెలియక, రాత్రి చెప్పినట్టే
ఊపిరి బిగబట్టి, రెప్ప వేయకుండా కూర్చున్నాడు.
నేను చెప్పలేదు.
కెమెరా దించకుండా
ఇరవై దాకా లెక్కపెట్టాను.