గడప లెక్క

డులూత్‌లో నా ఉద్యోగం పేరు
తలుపు మీద రెండు వరుసలు పడుతుంది.
కౌంటీ ప్రభుత్వ భవనాలన్నిటికీ
అందుబాటు అధికారిని.
ఆ పేరు కింద బ్రెయిలీ పలకను
ఎవరో తలకిందులుగా బిగించారు.
రికార్డుల గదిలో పనిచేసే డెజ్మండ్
వేలితో తడిమి నవ్వాడు:
"ఇది పేరు కాదు, తుమ్ము."
సరిచేయించడానికి నాకే
నాలుగు నెలలూ మూడు ఫారాలూ పట్టాయి.

నా సంచీలో ఒక టేపు, ఒక రసమట్టం,
తలుపు ఎంత బరువుకు తెరుచుకుంటుందో చెప్పే
చిన్న స్ప్రింగు త్రాసు.
రసమట్టంలో బుడగ
ఈ కొండవాలు ఊళ్ళో కుదురుగా ఉండదు;
వీధులన్నీ సరస్సులోకి జారిపోదామని చూస్తుంటాయి.
పన్నెండడుగుల నడకకు ఒక్క అడుగు ఎత్తు,
అంతకు మించితే అది ర్యాంపు కాదు, జారుడుబల్ల.
ఈ మాట వారానికి రెండుసార్లు
ఎవరో ఒక ఇంజినీరుకు చెబుతాను.
అతను తల ఊపుతాడు,
కాంక్రీటు ఊపదు.

నవంబరు. పన్నుల ఆఫీసు, ముందు ద్వారం.
మోకాళ్ళ మీద వంగి కొలిచాను:
ఇత్తడి గడప, అంగుళమున్నర.
ఉండవలసింది అర.
నా భాషలో గడప అంటే
పసుపు రాసే చోటు,
దాటేటప్పుడు కాలు తగలకూడని చోటు.
కోపం వస్తే "నీ గడప తొక్కను" అంటాం,
తొక్కడమూ మానడమూ
మన చేతిలోనే ఉన్నట్టు.

"వీల్‌చెయిర్లో ఎవరూ రారు ఇక్కడికి"
అన్నాడు మేనేజరు రోల్ఫ్ ఎంగెన్.
చెడ్డవాడు కాదు, నాకు కాఫీ ఇచ్చాడు.
రారు.
లోలోపల తెలుగులో దిద్దుకున్నాను:
రాలేరు.
మధ్యలో ఇరికిన ఆ ఒక్క 'లే'
ఎన్ని అంగుళాలని రాయను?
అతనికి ఆ అక్షరం చూపించలేక
టేపు చూపించాను.

వెర్నా టోర్వినెన్ వస్తుంది, పదకొండేళ్ళుగా.
వెనక సందులోంచి,
చెత్తడబ్బాల పక్కన సరుకుల లిఫ్టులో,
తుడుపుకర్రల మధ్య.
దాని తాళంచెవి వాల్ట్ దగ్గర.
వాల్ట్ భోజనానికి వెళ్తే
వెర్నా పన్ను ఆగుతుంది.
ఆలస్యానికి జరిమానా ఆగదు.
ఆ రసీదులన్నీ బిస్కట్ల డబ్బాలో తెచ్చి
నా బల్ల మీద బోర్లించింది.
ఏమీ అనలేదు. మూత పెట్టుకుని
ఖాళీ డబ్బాతో వెళ్ళిపోయింది.

తర్వాత కథంతా ఉత్తరాలది.
బడ్జెట్లో లేదు. వచ్చే ఏడు చూద్దాం.
చారిత్రక ద్వారం, ఇత్తడి ముట్టరాదు.
రసీదులకు నకళ్ళు తీసి
ప్రతి జవాబుకీ ఒకటి గుచ్చాను.
చరిత్ర అన్నవాళ్ళకు రెండు.

జనవరిలో ఇంకో పోరు.
మంచు తోసే బళ్ళు రోడ్డంతా శుభ్రం చేసి
ఆ కుప్ప తెచ్చి కాలిబాట వాలు మీదే పోస్తాయి.
కాలిబాట మాది కాదంటుంది రోడ్ల శాఖ,
మంచు మాది కాదంటుంది పార్కుల శాఖ.
కుప్ప ఎవరి మాటా వినక
మార్చి దాకా పడుకుంటుంది.
ఒక సాయంత్రం పార్కింగులో
హీటరు వేసుకుని కారులో ఏడ్చాను.
ఏ ఫైలు గురించో గుర్తులేదు.

ఏప్రిల్లో, ఇంకా చలి వదలని పొద్దున,
ఒక కుర్రాడు గ్రైండరుతో వచ్చి
నలభై నిమిషాల్లో గడపను చెక్కేశాడు.
ఇత్తడి పొడి పసుపులా రాలింది.
ఈ పోలిక వద్దనుకున్నాను,
కళ్ళు వినలేదు.

గురువారం వెర్నా ముందు నుంచి వచ్చింది.
ఆగలేదు, కిందికి చూడలేదు.
క్యూలో ఆరో మనిషి.
వంతు రాగానే పన్ను ఎక్కువ వేశారని
గుమాస్తాతో గట్టిగా గొడవపడింది,
అందరిలాగే, అందరి ముందూ.
ఓడిపోయింది కూడా.

వెళ్తూ నన్ను చూసి,
"ఆ కౌంటరు నా గడ్డం దాటి ఉంది" అంది.
సంచీలోంచి టేపు తీశాను.
నలభై రెండు.
రాసుకున్నాను.