చిక్కుడు గింజల బల్ల

ఈ ఇంట్లో నలభై ఒక్కమందిమి అక్కచెల్లెళ్లం.
ఏ ఇద్దరినీ ఒక తల్లి కనలేదు.
తలుపు మీద మూడు గ్రీకు అక్షరాలు,
మూడోది అక్టోబరు గాలికి ఒరిగింది.
ఇంతవరకూ ఎవరూ నిచ్చెన వెయ్యలేదు.

బయట నెబ్రాస్కా, జనవరి చివరి వారం.
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు.
ఫలితాలొచ్చాయి.

చదువుల లెక్క చూసేది నేను, కోర్లిస్ హాల్వర్సన్‌ని.
ఓట్లేసి మరీ ఎన్నుకున్నారు,
ఇంకెవరూ నిలబడని పదవికి.
నాకు దక్కింది ఆకుపచ్చ అట్ట రిజిస్టరు.
మొదటి పేజీలో ముత్యాల్లాంటి చేతిరాత:
ఆర్డిస్ నైక్విస్ట్, లాటిన్, తొంభై నాలుగు.
ఏడాది పంతొమ్మిది వందల ముప్ఫై ఒకటి.
లాటిన్‌తో ఆమె ఏం చేసుకుందో
రిజిస్టరుకి తెలీదు.

వారానికి ఎనిమిది గంటలు నేలమాళిగలో చదువు.
ఫోన్లన్నీ బూట్ల డబ్బాలో పడుకుంటాయి.
మారిబెత్ ముంజేతిని తడుముకుంటూ
ఎముకల పేర్లు గొణుగుతుంది.
టియర్నీ పెన్ను మూతలు నమిలేస్తుంది, ఇప్పటికి పదకొండు.
నేను బల్లల మధ్య తిరుగుతూ
కర్బన రసాయనం చెబుతాను:
"బాణం గీసేది నీకు నచ్చిన వైపు కాదే తల్లీ,
ఎలక్ట్రాను పోయే వైపు."

ఏడాదికొక్క రాత్రి ఈ ఇంట్లో
పంక్తిభేదమే పండగ.
గ్రేడు పెరిగినవాళ్లకి తెల్లగుడ్డ పరిచిన బల్ల, స్టేక్.
తగ్గినవాళ్లకి ఉత్త బల్ల,
డబ్బాలోంచి తీసిన చిక్కుడు గింజలు.
వంటావిడ మిసెస్ సెడ్లాచెక్ మాత్రం
ఎవరూ చూడకుండా అందులో
ఉల్లిపాయలు వేయించి కలుపుతుంది, కాస్త బెల్లప్పాకం కూడా.
"శిక్ష చప్పగా ఉండాలని ఎక్కడ రాశారూ?" అంటుంది.

పేర్లు చదవాల్సింది నేనే.
నిలబడి చదివాను.
నాలుగు నుంచి మూడు పాయింటు తొమ్మిదికి జారిన మారిబెత్
గింజల బల్లకి నడిచింది, రాణీ వనవాసానికి వెళ్లినట్టు.
టియర్నీకి కర్బన రసాయనంలో ఎ.
చప్పట్లు. కుర్చీ మీదికెక్కి వంగి దండం.

తర్వాత హాల్వర్సన్.
ఒక్క క్షణం గొంతు సవరించుకున్నాను,
వేరెవరి పేరో అన్నట్టు చదివాను.
కర్బన రసాయనం, సి.
ఫోర్కులు ఆగిపోయాయి.

చెప్పుకోదగ్గ కారణమైనా లేదు.
జ్వరం లేదు, మనసు విరగలేదు.
ఆఖరి ప్రశ్న కాగితం వెనక ఉంది.
నేను తిప్పలేదు.
ఇరవై నిమిషాల ముందే లేచి,
పరీక్ష హాల్లోంచి ఈల వేసుకుంటూ బయటికొచ్చాను.

గింజల బల్ల దగ్గర చోటిచ్చారు.
ఎవరూ ఓదార్చలేదు, అదే పదివేలు.
మారిబెత్ ఉప్పు జరిపింది.
ఇక్కడ నవ్వులు ఎక్కువని
రెండేళ్లుగా తెల్లగుడ్డ దగ్గర కూచున్నదాన్ని,
నాకెలా తెలుస్తుంది?

అప్పుడు డెల్ఫీన్ వచ్చింది, కంచం పట్టుకుని.
పోయినేడు ఒకటి పాయింటు ఎనిమిది,
ఇంట్లోంచి పంపేస్తామని ఉత్తరం కూడా వెళ్లింది.
ఇప్పుడు రెండు పాయింటు ఒకటి.
జీవితంలో మొదటి స్టేక్ గెలుచుకుంది,
ఏడో తరగతి నుంచీ మాంసం ముట్టని పిల్ల.

"రెండేళ్లు హాయిగా ఇక్కడే తిన్నాను," అంది,
"నువ్వే కదా చదివించి చెడగొట్టావు.
నీ గింజలిటియ్యి."

నిబంధనలు నాకు కంఠతా వచ్చు.
కంచాలు మార్చుకోకూడదని
వాటిలో ఎక్కడా లేదు.
"చల్లారిపోతోంది," అంది డెల్ఫీన్.
తిన్నాను.
అంచులు కాస్త మాడాయి.

రాత్రి పైకెళ్లి
ఆకుపచ్చ రిజిస్టరులో నా అంకె రాశాను,
ఆర్డిస్ రాసినంత గుండ్రంగా రాలేదు.
ఇంకు ఆరేదాకా ఊదాను.
తర్వాత కాగితం తిప్పి చూశాను,
వెనక ఇంకేమైనా అడిగారేమోనని.