రెండు సీళ్ళ అర్జీ

అర్జీ టైపు చేసింది నేనే.
ఎవరి ఊరి పేరు ముందుండాలని
పొద్దు మునిగేదాకా పంచాయితీ.
"కాలవ ముందు మా పొలిమేరకే వస్తాది" అనింది ఆదోని.
"అందుకే కదా మాకు బురద మిగిలేది" అనింది ఎమ్మిగనూరు.
అక్షరాల వరసైతే 'ఆ' ముందు అన్నా.
"ఎవురి జీతం తింటాండావు నాయనా?"
మా చైర్‌పర్సన్ ఉరుకుందమ్మ అడిగింది, మెత్తగానే.

షట్టర్ల కాడ రాత్రిపూట
ఒకరి తాళం ఒకరు పగలగొట్టుకున్నోళ్ళం.
వాళ్ళ వాల్వుమన్ మాబుపీరాకూ మా లింగప్పకూ
చెరొక కనుబొమ్మ మీద కుట్ల మచ్చ
ఇంకా నున్నగా కాలేదు.

ఈ ఏడు వానే రాలేదు.
రెండూళ్ళ మోటర్లూ గాలిని తోడినాయి.

అడిగినవి మూడే:
ఉమ్మడి పైపులైనుకు డబ్బు, ఒక నిలవ చెరువు,
కరువేట ఎవరి వాటా ఎంతో తేల్చే జీవో.
'సగం సగం' అని కొట్టేటప్పుడు
నా వేలు ఒక గడియ ఆగింది, చెప్పకేం.

సచివాలయంలో మూడు గంటలు కూచోబెట్టినారు.
వరండాలో ఎవరో కొళాయి ఇప్పేసి పోయినారు,
నీళ్ళు ఊరికే పోతాండాయి.
ఉరుకుందమ్మ చెయ్యీ, ఆదోని ఖాజాసాబు చెయ్యీ
ఒక్కసారే దాని మీద పడినాయి.

"రెండు సీళ్ళేంది? అసలు ఎవరిదీ అర్జీ?" అన్నాడు ఆఫీసరు.
ఇద్దరూ అవతలోళ్ళను చూపించినారు.

రసీదు ఒకటే ఇచ్చినారు.
అది ఎవరి సంచిలో ఉండాలనేది
బస్సు కర్నూలు దాటినా తెగలేదు.