బండ మోసేవాడు

కొర్లగుంటలో లిఫ్టు లేని మేడలన్నీ
నా మోకాళ్ళకు పేరుపేరునా తెలుసు.
మూడో అంతస్తు, పచ్చ తలుపు, దేశమ్మ.
ఆ ఇంటికి గ్యాసు బండ ఏడాదికి ఒకటే.

అందరూ నెల తిరక్కుండానే ఫోను చేస్తారు,
"యాడుండావబ్బా, పొయ్యి ఆరిపోయింది" అని.
ఈమె మాత్రం దూరపు చుట్టం జాబు రాసినట్టు
ఎప్పుడో ఒకసారి.
దొంగ బండ వాడుతోందేమో అనుకున్నా.
హోటలు క్యారియరేమో అనుకున్నా.

కొండరాళ్ళు కాలి
ఊరిమీదికి పెనం మూత తీసినట్టు గాలి కొట్టే ఒక పూట
బండ దించి, రెగ్యులేటరు బిగించి,
సబ్బు నురగ రాసి చూసి
సంతకానికి చెయ్యి చాస్తే
చేతిలో గిన్నె పెట్టింది.

నానిన పెసలు. తురిమిన టెంకాయ.
బెంగుళూరా మామిడి, కాయగా ఉన్నప్పటిది, సన్నగా కొట్టి.
ఉప్పు, పచ్చిమిరప, రవ్వంత నిమ్మరసం.
తిరగమోత లేదు.

"ఇది ఉడకలేదే అక్కా."
"ఉడకదు."
"మేకలకు వేసేది నాకు పెడతాండావే."
"మేకకు మోకాళ్ళ నొప్పులుండాయా నాయనా?"

నవ్వడానికి నోరు తెరిచినా.
తెరిచినాక తినక తప్పలేదు.
పెసలు పంటి కింద చిట్లినాయి,
మామిడి పులుపు చెవుల దాకా పాకింది,
టెంకాయ ఆలస్యంగా వచ్చి
ఇద్దరికీ సర్ది చెప్పింది.

అప్పుడు చూసినా ఆమె ముంజేతులు.
నూనె చిందిన చోట ఒక మచ్చ,
సాంబారు గంగాళం ఒరిగిన చోట చెయ్యంతా ఒకటే మచ్చ.
ముప్ఫై ఏళ్ళు కల్యాణ మండపాల్లో వంట.
"నిప్పుకు ఇయ్యాల్సింది ఇచ్చేస్తి,
ఇంక ఇంట్లో గూడా దానికి మేత వెయ్యలేను."
అంతే. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఆ తర్వాత బండ లేకుండా కూడా ఆ మెట్లెక్కినా.

నాలుగైతే ఆ గడపలో తలా ఒక చేతి సంచి.
ఇస్త్రీ బండి కుప్పమ్మ బొగ్గు చేతులు కడుక్కొని
దోసకాయ తరుగుతుంది.
రక్తపరీక్షల వహీదా ఉసిరికాయలు తెస్తుంది,
ఎదురింటి ట్యూషన్ పిల్లోళ్ళు ఉత్త చేతులతో వచ్చి
అందరికన్నా ముందు తింటారు.
తురుముపీట ఒక్కటే. వరస తప్పితే గొడవ.
ఒకరోజు ముల్లంగి ఘాటుకు అందరం ఏడ్చినాం,
ఎవరి ఏడుపు వాళ్ళు ముల్లంగి మీద వేసుకొని.

మా అమ్మ పుత్తూరు నుంచి పంపిన పచ్చి చెనక్కాయలు
మన్ను రాలకుండానే తీసుకుపోయినా.
నానేసి, రోట్లో రుబ్బి, గుడ్డలో పిండి,
బెల్లం కలిపి లోటాల్లో పోసింది.
టీ అలవాటున ఊదుకుంటా తాగినా.
చల్లటి పాలను ఊదేవాణ్ణి చూసి
ఆడోళ్ళు ఇప్పటికీ నవ్వుతారు.

నేను సంగటి మానలేదు. మానను.
"ఉడికిందే కూడు" అని మా ఇంటిది అంటే
కాదని వాదించే ధైర్యమూ లేదు.
అయినా పొద్దున ఆమె పొయ్యి వెలిగించే ముందు
నా గుప్పెడు నేను నానబెట్టుకుంటా.
నిన్న చూస్తే గిన్నెలో రెండు గుప్పెళ్ళున్నాయి.
అడగలేదు.

ఈసారి దేశమ్మ రెండు నెలలకే బండ చెప్పింది.
గుండె ఝల్లుమంది.
మెట్ల మీదనే అడిగేసినా.
"కింది వాటా పిల్లోడికి జరం. గంజి గావాల.
నిప్పుతో నాకేం పగరా?"
దిగేటప్పుడు తడిగుడ్డ మూట ఒకటి
చొక్కా జేబులో కుక్కింది.

బండి వెనక ముప్ఫై రెండు బండలు,
గుంత వచ్చినప్పుడల్లా ఒకదాన్నొకటి తగిలి మోగుతూ.
ముందర, గుండె కాడ, చిన్న చల్లదనం.
రేణిగుంట రోడ్డు సిగ్నల్లో మూట విప్పితే
పెసలకు తోకలొచ్చినాయి.
పక్క ఆటోవాడు తొంగి చూసి
"ఏందబ్బా అది?" అన్నాడు.
చెయ్యి బయటికి చాపినా.

పచ్చ లైటు పడింది. వెనక అంతా హారన్లు.
వాడింకా నములుతానే ఉన్నాడు.