ఆరో నిమిషం

రేపు తొమ్మిదిన్నరకి టెస్టు.
బయట బ్రోకెన్ హిల్లో ఎండ నలభై ఒకటి,
ల్యాబులో ఏసీ పాడై మూడ్రోజులు.
ఈ ఊళ్ళో వీధుల పేర్లే ఆక్సైడు, క్లోరైడు, సల్ఫైడు.
నా అద్దె ఇల్లు బ్రోమైడు వీధిలో.
ఉత్తరం రాసినా పాఠం చెప్పినట్టే ఉంటుంది.

పదకొండు మంది పిల్లలు. పన్నెండో స్టూలు మీద నా సంచి.
"మిస్, ఇది నలభై మూడా, నలభై నాలుగా?"
గాజు అంచుల్ని పట్టుకుని నీళ్ళు కాస్త పైకెగబాకుతాయి,
నడుమ కుంగుతాయి.
నీరు పల్లమెరుగు అని మావైపు సామెత.
ఆ పల్లం దగ్గరే చదవాలి,
మోకాళ్ళు వంచి, కన్ను గీతకి సమంగా పెట్టి.
నిలబడి చూస్తే ఎక్కువ చెప్తుంది,
మరీ కిందనించి చూస్తే తక్కువ.
డార్సీ గడ్డం టేబులుకి ఆనించి "నలభై మూడున్నర" అంటాడు.
"నలభై మూడున్నర ఏంటి? మేకలా, మైళ్ళా?"
"మిల్లీలీటర్లు, మిస్!"
విసుక్కున్నాడు. ఆ విసుగు రేపటిదాకా ఉంటే చాలు నాకు.

సోల, తవ్వ, మానిక, కుంచం.
ఎందుకో బోర్డు మీద వరసగా రాశాను.
"అది ఏ సిస్టమ్, మిస్?" షనాయ్ అడిగింది.
కొట్టువాడి బొటనవేలు సిస్టమ్ అన్నాను.
మానికలో వేలు ఎంత మునిగితే
అంత బియ్యం వాడికి మిగులు,
ప్రతిసారీ అంతే, ప్రతివాళ్ళకీ అంతే.
దాన్నే మీ పుస్తకం సిస్టమాటిక్ ఎర్రర్ అంటుంది.

తర్వాత వేణ్ణీళ్ళు. బీకర్లో థర్మామీటరు.
నిమిషానికో అంకె.
ఎనభై రెండు, డెబ్బై ఎనిమిది, డెబ్బై ఐదు...
పెన్సిళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.
అప్పుడు ఎక్కడో అడుగున గని పేలింది.
కిటికీ అద్దాలు పళ్ళు కొరికాయి.
రబ్బరొకటి బెత్తెడు దూరం జరిగింది.
ఈ ఊరి పిల్లలు దానికి తల కూడా ఎత్తరు.
కోబీ ఒక్కడే ఎత్తాడు.

ఇక గ్రాఫు. అడ్డంగా కాలం, నిలువుగా ఉష్ణోగ్రత,
గళ్ళు సమానంగా, గీత ఒక్క ఊపులో.
చుక్కల్ని స్కేలుతో కుట్టుకుంటూ పోకండి అని
బోర్డు మూల మెలికల ముగ్గు వేసి చూపించాను.
గీత ప్రతి చుక్కనీ తాకక్కర్లేదు,
పక్కనుంచి మర్యాదగా వంగి వెళ్తే చాలు.

కోబీ కాగితంలో ఆరో నిమిషం దగ్గర
ఒక చుక్క గీతకి దిగువన విడిగా పడి ఉంది.
అప్పటికే సగం చెరిపేశాడు.
"చెరపకు. చుట్టూ సున్నా చుట్టి కారణం రాయి.
కారణానికి ఒక మార్కు."

పెన్సిలు చివర నమిలాడు కాసేపు.
"అది ఆరో నిమిషం కాదు, మిస్.
ఏడో, ఏడున్నరో.
పేలిందంటే లోపల ఎవరూ లేనట్టు.
అందరూ పైకొచ్చాకే పేలుస్తారు.
నాన్న షిఫ్టు అయిపోయినట్టు.
అది విన్నాక
గడియారం చూడ్డం మర్చిపోయా."

పరీక్ష భాషలో ఎలా రాయాలో చెప్పాను:
'రీడింగు ఆలస్యంగా తీసుకోబడింది.'
తీసుకోబడింది అన్న మాటలో ఎవరూ ఉండరు,
కోబీ ఉండడు, పైకొచ్చే లిఫ్టు ఉండదు,
హెల్మెట్టు తీసి తల తుడుచుకునే మనిషి ఉండడు.
అయినా దిద్దేవాళ్ళకి అంతే కావాలి.
రాశాడు. 'ఆలస్యం'లో ఒక అక్షరం తప్పు.
నేను దిద్దలేదు.

బీకర్లు కడుగుతుంటే షనాయ్ మళ్ళీ వచ్చింది, సంచి భుజాన వేసుకుని.
"కుంచానికి ఎన్ని మానికలు, మిస్?"
ఎంత ఆలోచించినా గట్టిగా చెప్పలేకపోయాను.
"నాలుగు" అన్నాను,
"ఒకటి అటూ ఇటూగా."