పెద్ద చుక్క

ఒంగోలు కర్నూలు రోడ్డు,
ఆడిటరు గారి ఆఫీసు, రెండో అంతస్తు.
కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం
కంపెనీల పేర్లు ఒక పట్టీ, డైరెక్టర్ల పేర్లు ఒక పట్టీ
కంప్యూటరుకి మేత వేశాను.
బ్యాంకు వాళ్ళడిగారు,
చీమకుర్తి రాయి మీద అప్పిచ్చేముందు
ఎవరి మాట ఎంత దూరం పోతుందో కొలిచిపెట్టమని.

కొలత తేలికే.
మనిషికో చుక్క.
ఇద్దరు ఒకే బోర్డులో కూర్చుంటే నడుమ ఒక గీత.
ఎవడి మీదుగా తప్ప దారి లేదో
వాడు మొనగాడు.
ముగ్గులో చుక్కల్ని బట్టి గీతలు,
ఇక్కడ గీతలు తాగి చుక్కలు లావెక్కుతాయి.

తెర నల్లబడి మెల్లగా విచ్చుకుంది
సానబట్టిన గెలాక్సీ పలక లాగా,
నల్లటి లోతులో బంగారు నలుసులు.
అన్నదమ్ములు, తోడల్లుళ్ళు, వియ్యంకులు
గుంపులు గుంపులుగా.
నడిమధ్యన ఒకటే, రూపాయి బిళ్ళంత.

నొక్కి చూశాను: తన్నీరు మాలకొండయ్య.
మళ్ళీ నొక్కాను.
రామతీర్థం క్వారీలో
కాటా కాడ లారీల నంబర్లు రాసుకునే మాలకొండయ్య.
పందొమ్మిది కంపెనీలకు డైరెక్టరు.

ఫోను చేశాను. వెనక డ్రిల్లు మోత.
"ఏంది సామీ, మళ్ళీ ఆధార్ కార్డా?
పోయినసారే పది జిరాక్సులిచ్చా గదా."
బోర్డు మీటింగులకి పోతావా అన్నాను.
"పోకుండా? బిర్యానీ పొట్లాలు మోసేది నేనేగా."
కాసేపు దగ్గాడు. రాతిదుమ్ము దగ్గు, తడి లేనిది.
"పెద్దాసుపత్రిలో ఫిలిం తీయించుకోమన్నారు.
రెండువేలు అడ్వాన్సు ఇమ్మని
అయ్యగారితో నువ్వొక మాట అనరాదా?
నా మాట యాడ వింటాడు."

అయ్యగారి కోసం వెతికాను
ఇంటిపేరు ముందు పెట్టి, వెనక పెట్టి,
ఒత్తులు మార్చి.
ఎక్కడా లేడు.
బావమరిది ఉన్నాడు. బావమరిది ఇంట్లో వంటమనిషి ఉంది.
కాటా మీద చెయ్యి ఆనిస్తే ముల్లు కదులుతుంది,
చీటీ మీద మాత్రం రాయి బరువే అచ్చవుతుంది.

నివేదిక చివర ఒక గడి ఉంది,
అందరికంటే పలుకుబడి గలవారు.
నింపాను. లెక్క చెప్పిందే రాశాను.

స్టేప్లరు కోసం సొరుగు లాగితే
రబ్బరుబ్యాండు చుట్టిన పెన్‌డ్రైవుల కట్ట.
ఒకదాని మీద తెల్ల ప్లాస్టరు ముక్క,
నా చేతిరాతలో 'మాల'.
నాలుగేళ్ళుగా అతని సంతకం ఇక్కడే నిద్రపోతుంది.
నెలాఖరుకి నేనే లేపుతాను, నేనే గుచ్చుతాను.
పటంలో నాకు చుక్క లేదు.

చీకటి పడ్డాక గుమస్తా మెసేజి:
కొత్త కంపెనీ ఒకటి, పేరు రేపు చెబుతాం,
డైరెక్టరు మామూలే.
చట్టం ఇరవై దాకా ఒప్పుకుంటుంది.
ఇంకొకదానికి చోటుంది.

రెండువేల సంగతి టైపు చేశాను.
చెరిపేశాను.
'సరే' అని పెట్టాను.